పిల్లలకు లెక్క రాలేదా, ప్రశ్న అందలేదా: యూనిట్ టెస్ట్ పేపరు తయారుచేసి, ఫలితాలు చదివే పద్ధతి

ఎనిమిదో తరగతిలో వడ్డీ లెక్కల మీద పరీక్ష పెట్టినప్పుడు సగం మంది తప్పు రాశారంటే, పేపర్లు దిద్దిన ఉపాధ్యాయులు చాలాసార్లు "వీళ్ళకు వడ్డీ రాలేదు" అనే నిర్ణయానికి వచ్చి, పాఠం మొత్తాన్ని మొదటి నుంచి మళ్ళీ చెబుతారు. ఆ నిర్ణయం సరైనదే కావచ్చు. కాని తప్పు రాయడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. అంకెలు పెద్దవై పిల్లలు గుణకారంలో తడబడి ఉండవచ్చు, ప్రశ్నలోని వాక్యం వాళ్ళకు అర్థం కాకపోయి ఉండవచ్చు, లేదా ఇంట్లో "నూటికి రెండు రూపాయల వడ్డీ" అని వింటూ నోటితో లెక్కకట్టగలిగిన అమ్మాయికే "వడ్డీరేటు R%" అనే రూపం పరాయిదిగా తోచి ఉండవచ్చు. ఇన్ని కారణాలూ ఒకే సున్నాలో కలిసిపోయినప్పుడు, ఆ సున్నాను చూసి మర్నాడు తరగతిలో ఏం చెప్పాలో తేల్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

అందువల్ల ప్రశ్న ఎంత కఠినంగా ఉంది అన్నది ఒక విషయంగా, ఎంత అమూర్తంగా (సందర్భం లేకుండా, ఒట్టి గుర్తులతో) ఉంది అన్నది మరో విషయంగా పెట్టుకుని పేపరు తయారుచేసే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలన్నీ గణితం నుంచి, ముఖ్యంగా వడ్డీ లెక్కల నుంచి తీసుకున్నాను. భౌతికశాస్త్రానికి, వ్యాకరణానికి కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది.

1. పరీక్ష దేనికోసమో ముందే రాసిపెట్టుకోండి

పేపరు రాయడానికి కూర్చునే ముందు, ఈ మార్కులు చూసి మీరు ఏ నిర్ణయం తీసుకోబోతున్నారో ఒక వాక్యంలో రాసుకోండి. "నెలవారీ వడ్డీని లెక్కకట్టడం ఎందరికి వచ్చిందో, సూత్రంలో రాశులను సరిగ్గా పెట్టడం ఎందరికి వచ్చిందో విడివిడిగా తెలుసుకోవాలి" అనే వాక్యం పనికివస్తుంది. "వడ్డీ పాఠం మీద పరీక్ష" అనేది పనికిరాదు. పిల్లలను వరుసక్రమంలో నిలబెట్టే పోటీ పరీక్షకూ, తరగతి గదిలో తర్వాతి వారం బోధనను నిర్ణయించే యూనిట్ టెస్టుకూ కావలసిన ప్రశ్నలు వేరు. ఈ వ్యాసం రెండో రకం గురించే.

2. కఠినత్వాన్ని, అమూర్తతను విడదీసి చూడండి

ఎక్కువ మంది తప్పుచేసే ప్రశ్నను మనం కఠినమైన ప్రశ్న అంటాము. అది కఠినం కావడానికి దారులు చాలా ఉన్నాయి: మెట్లు ఎక్కువ కావడం, సంఖ్యలు అనుకూలంగా లేకపోవడం, అవసరం లేని సమాచారం కలిసి ఉండడం, వాక్యం పొడవు కావడం, సమయం చాలకపోవడం. ప్రశ్నలోని వస్తువులు, మనుషులు, సందర్భం తొలగిపోయి గుర్తులూ సంబంధాలూ మాత్రమే మిగిలితే అది అమూర్తమైన ప్రశ్న. అమూర్తత కఠినత్వానికి ఒక కారణం కావచ్చు. అయితే రెండూ ఒకటి కావు. వడ్డీ మీదనే నాలుగు ప్రశ్నలు చూడండి.

మొదటిది: "రమణమ్మ నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు అప్పు తీసుకుంది. ఆరు నెలలకు వడ్డీ ఎంత?" ఇది తెలిసిన సందర్భం, మెట్లు రెండే. నెలకు 200, ఆరు నెలలకు 1,200.

రెండోది: "సుబ్బయ్య నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 17,350 రూపాయలు తీసుకున్నాడు. నాలుగు నెలల తర్వాత అసలులో 5,000 తీర్చాడు. మిగిలిన అసలుకు ఇంకో ఐదు నెలలు వడ్డీ కట్టాడు. మొత్తం వడ్డీ ఎంత?" సందర్భం అదే, పల్లెలో రోజూ వినిపించేదే. కాని మొదటి నాలుగు నెలలకు నెలకు 347 చొప్పున 1,388, తర్వాతి ఐదు నెలలకు 12,350 మీద నెలకు 247 చొప్పున 1,235, మొత్తం 2,623 రూపాయలు రావాలంటే పిల్లలు ఐదారు మెట్లు జాగ్రత్తగా ఎక్కాలి. ఇందులో అమూర్తమైనది ఏమీ లేదు, అయినా ఇది కఠినం.

మూడోది: "అసలు రెట్టింపై, కాలం సగమైతే, వడ్డీరేటు మారకుండా ఉన్నప్పుడు బారువడ్డీ ఎలా మారుతుంది? కారణం రాయండి." ఇందులో ఒక్క అంకె కూడా లేదు. ఇది పూర్తిగా అమూర్తం. అయినా సంబంధం అర్థమైన పిల్లలు ఒక్క వాక్యంలో "మారదు" అని కారణంతో సహా రాసేస్తారు.

నాలుగోది: "బారువడ్డీకి పెట్టిన సొమ్ము n సంవత్సరాలలో రెట్టింపైతే, అది మూడు రెట్లు కావడానికి ఎన్ని సంవత్సరాలు పడుతుంది?" జవాబు 2n. రెట్టింపు కావడమంటే వడ్డీ అసలుతో సమానం కావడమనీ, మూడు రెట్లు కావడమంటే వడ్డీ అసలుకు రెండింతలు కావడమనీ గ్రహించాలి. చాలామంది తొందరలో 3n అనో, n కి సగం కలిపి 1.5n అనో రాస్తారు. ఇది అమూర్తమూ, కఠినమూ.

మీరు పేపరులో పెట్టదలచుకున్న ప్రతి ప్రశ్ననూ ఈ నాలుగు గదుల్లో (సందర్భం ఉండి సులువు, సందర్భం ఉండి కఠినం, అమూర్తమైనా సులువు, అమూర్తమూ కఠినమూ) ఏదో ఒకదానిలో వేయండి. చాలా పేపర్లను ఇలా విడగొడితే ఒక లోపం బయటపడుతుంది. సులువైన ప్రశ్నలన్నీ సందర్భం ఉన్నవిగానూ, కఠినమైన ప్రశ్నలన్నీ గుర్తులతో నిండినవిగానూ ఉంటాయి. అలాంటి పేపరులో వెనకబడిన పిల్లలు మెట్లు ఎక్కువై ఆగారో, గుర్తులు చూసి ఆగారో ఎన్ని పేపర్లు దిద్దినా తెలియదు. ఒక విద్యాప్రమాణానికి ఇన్ని మార్కులని వెయిటేజీ పట్టిక చక్కగా సరిపోయిన పేపరులో కూడా ఈ లోపం ఉండవచ్చు, ఎందుకంటే ఆ పట్టిక ఈ సంగతి చూడదు. మీరే చూడాలి.

3. ఒకే భావనకు జత ప్రశ్నలు రాయండి

ముఖ్యమైన ప్రతి భావనకూ ఒక జత రాయండి. జతలో ఒక ప్రశ్నకు సందర్భం ఉండాలి, రెండోదానికి ఉండకూడదు. మెట్ల సంఖ్య, అంకెల పరిమాణం, మార్కులు రెండింటికీ ఒకటిగా ఉండాలి. మారేది ఒక్కటే కావాలి.

ఇది చెప్పినంత సులువు కాదు. పైన చెప్పిన రమణమ్మ ప్రశ్నకు జతగా "అసలు రూ. 30,000, వడ్డీరేటు సంవత్సరానికి 24%, కాలం 3 నెలలు అయితే బారువడ్డీ ఎంత?" అని రాయాలని ఎవరికైనా తోస్తుంది. కాని ఇక్కడ సందర్భం తీసేయడంతో పాటు నెల రేటును ఏడాది రేటుగా మార్చాము, పిల్లలు నెలలను సంవత్సరంలో భాగంగా రాయవలసిన ఒక అదనపు మెట్టునూ చేర్చాము. రెండు మార్పులు ఒకేసారి జరిగాయి. ఎవరైనా తప్పు రాస్తే ఏ మార్పు దెబ్బతీసిందో తెలియదు. సరైన జత ఇది: "అసలు రూ. 30,000, వడ్డీరేటు నెలకు 2%, కాలం 3 నెలలు అయితే బారువడ్డీ కనుక్కోండి." జవాబు 1,800. నెల రేటును ఏడాది రేటుగా మార్చే నైపుణ్యాన్ని పరీక్షించాలనుకుంటే దానికి ఇంకో ప్రశ్న వేరుగా పెట్టుకోవచ్చు.

ఈ జతలో రెండో ప్రశ్నకు వచ్చే తప్పు జవాబులను గమనించండి. ఎవరైనా 150 అని రాస్తే, వాళ్ళు 30,000 ను 2 తోనూ, పావు సంవత్సరంతోనూ గుణించి నూటితో భాగించారన్న మాట. సూత్రంలో కాలం ఎప్పుడూ సంవత్సరాల్లోనే ఉండాలని బట్టీపట్టి, రేటు నెలకు ఇచ్చారన్న సంగతి చూడలేదు. అదే అమ్మాయి రమణమ్మ ప్రశ్నకు 1,200 సరిగ్గా రాసి ఉంటే, ఆమెకు వడ్డీ అంటే ఏమిటో తెలుసు, సూత్రంలోని (PTR/100) మూడు అక్షరాలు దేనికి బదులు నిలబడ్డాయో మాత్రం తెలియదు. ఆమెకు మళ్ళీ మొదటి నుంచి పాఠం చెప్పడం వృథా. పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని రెండు జవాబులనూ చూపిస్తే చాలు.

జత ప్రశ్నలను పేపరులో పక్కపక్కన పెట్టవద్దు. మొదటిదాని పద్ధతిని రెండోదానికి దించేసే అవకాశం ఉంటుంది. అంకెలు కూడా వేర్వేరుగా ఉండాలి.

4. సందర్భం ఎవరికి తెలిసినదో చూసుకోండి

సందర్భం చేర్చినంత మాత్రాన ప్రశ్న సులువవుతుందని అనుకోకూడదు. ఆ సందర్భంలో బతికినవారికి సులువవుతుంది, అంతే. దీనికి బలమైన ఆధారాలు ఉన్నాయి. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో సరుకులు అమ్మే 9 నుంచి 15 ఏళ్ళ పిల్లలను కరాహెర్, ష్లీమన్ మొదలైన పరిశోధకులు పరిశీలించి 1985లో ఫలితాలు ప్రచురించారు. అమ్మకం మధ్యలో అడిగిన లెక్కలకు ఆ పిల్లలు నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను కథ రూపంలో రాసి ఇస్తే సుమారు 74, ఒట్టి కూడికలు, గుణకారాలుగా ఇస్తే సుమారు 37 మాత్రమే సరిగ్గా చేయగలిగారు. పరీక్షించినది ఐదుగురు పిల్లలనే అయినా, ఆ తేడా ఎంత పెద్దదో చూడండి. కొబ్బరికాయ 35 క్రుజైరోలైతే (అప్పటి బ్రెజిల్ డబ్బు) పది ఎంత అని అడిగితే ఒక కుర్రవాడు మూడు కాయలకు 105, మరో మూడు కలిపితే 210, ఇంకో మూడు కలిపితే 315, అలా 350 అని చెప్పాడు. బడిలో నేర్పే "పక్కన సున్నా పెట్టు" అనే పద్ధతి అతనికి అక్కర లేకపోయింది.

మన దేశంలో కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో కూరగాయలు, పండ్లు అమ్మే 1,436 మంది పిల్లలను, దగ్గరి బడుల్లో చదివే 471 మంది పిల్లలను పోల్చిన పెద్ద అధ్యయనాన్ని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు 2025లో నేచర్ పత్రికలో ప్రచురించారు. మార్కెట్ పిల్లలు చిక్కైన బేరాల లెక్కలను తేలిగ్గా చేసి, అలాంటి లెక్కలనే బడి రూపంలో ఇస్తే తడబడ్డారు. బడి పిల్లల సంగతి దీనికి తలకిందులు: సరళమైన అమూర్త లెక్కలలో వాళ్ళు మెరుగు. కాని మార్కెట్ పిల్లల్లో మూడో వంతుకు పైగా చేయగలిగిన ఒక బేరం లెక్కను బడి పిల్లల్లో నూటికి ఒక్కరే చేయగలిగారు. దీన్ని ఉపాధ్యాయులందరూ చదవాలని నా కోరిక. సందర్భం నుంచి గుర్తులకూ, గుర్తుల నుంచి సందర్భానికీ దారి తనంతట తాను పడదనీ, దాన్ని మనమే వేయాలనీ ఈ ఫలితం చెబుతోంది.

పెద్దలు కూడా దీనికి అతీతులు కారు. 1966లో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అక్షరాలు, అంకెలు రాసిన నాలుగు కార్డులతో ఒక తర్కపు సమస్య ఇచ్చారు. "ఒక వైపు అచ్చు ఉంటే రెండో వైపు సరిసంఖ్య ఉండాలి" అనే నియమాన్ని పరీక్షించడానికి ఏయే కార్డులు తిప్పి చూడాలో చదువుకున్న పెద్దల్లో కూడా అతి కొద్దిమందే సరిగ్గా చెప్పగలిగారు. 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే పరిశోధకులు అదే తర్కాన్ని "బీరు తాగుతున్న వ్యక్తి వయసు ఇంతకు మించి ఉండాలి" అనే నియమంగా మార్చి అమెరికా కాలేజీ విద్యార్థులకు ఇస్తే నూటికి 70 మందికి పైగా సరిగ్గా చెప్పారు. తర్కం అణువంత కూడా మారలేదు.

ఇప్పుడు మన పేపర్ల సంగతి. వైశాల్యం లెక్కలో "రెండెకరాల పాతిక సెంట్ల చేను" అని రాస్తే గోదావరి జిల్లాల పిల్లలకు అది ఇంటి మాట. తెలంగాణ పల్లె పిల్లలు ఎకరానికి 40 గుంటలని విని ఉంటారు, ఎకరానికి 100 సెంట్లన్న లెక్క వాళ్ళ చెవిన పడి ఉండకపోవచ్చు. హైదరాబాదులోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్లలకు రెండూ తెలియకపోవచ్చు, చదరపు గజాలో, చదరపు అడుగులో తెలిసి ఉంటాయి. అంటే పల్లె బడిలో మూర్తమైన ప్రశ్న పట్నం బడిలో అమూర్తమవుతుంది, పైగా తెలియని కొలమానం ఒకటి అదనపు బరువవుతుంది. ప్రశ్న రాసే ముందు మీ తరగతిలో ఎందరి ఇళ్ళలో ఆ మాట వాడతారో అడిగి తెలుసుకోండి. కనీసం కొందరికి కొత్త అనిపిస్తే, "ఎకరం = 100 సెంట్లు" అని ప్రశ్నలోనే ఇచ్చేయండి. క్రికెట్ రన్‌రేటుతో అన్ని లెక్కలూ అల్లే ఉపాధ్యాయులు కూడా, ఆట చూడని పిల్లల గురించి ఒక్కసారి ఆలోచించాలి.

అలాగని అమూర్తమైన ప్రశ్నలను తగ్గించమని నేను చెప్పడం లేదు. 2008లో సైన్స్ పత్రికలో కమిన్‌స్కీ బృందం ప్రచురించిన ప్రయోగంలో, ఒక గణిత భావనను ఒట్టి గుర్తులతో నేర్చుకున్న కాలేజీ విద్యార్థులు, కొలత కప్పులు, పిజ్జా ముక్కలు వంటి ఉదాహరణలతో నేర్చుకున్నవారికంటే కొత్త సందర్భానికి దాన్ని బాగా అన్వయించగలిగారు. సందర్భం మరీ ఆకర్షణీయంగా ఉంటే మనసు వస్తువుల మీదే నిలిచి, వాటి మధ్య ఉన్న సంబంధం మీదకు వెళ్ళకపోవచ్చు. తొమ్మిది, పది తరగతుల బీజగణితంలోకి అడుగుపెట్టబోయే పిల్లలకు గుర్తులతో పని చేయడం రావాలి. అది ఎంతవరకు వచ్చిందో స్పష్టంగా తెలియాలనే ఈ విడదీత.

5. వాక్యాన్ని తేలిక చేయండి, లెక్కను కాదు

అమెరికాలో 1983లో హడ్సన్ చేసిన అధ్యయనంలో నర్సరీ పిల్లలకు కొన్ని పక్షులు, వాటికన్నా తక్కువ పురుగులు ఉన్న బొమ్మ చూపించి, "పురుగులకంటే పక్షులు ఎన్ని ఎక్కువ?" అని అడిగితే 17 శాతం మంది సరిగ్గా చెప్పారు. "పక్షులన్నీ పురుగుల కోసం పోటీపడితే ఎన్ని పక్షులకు పురుగు దొరకదు?" అని అడిగితే 83 శాతం మంది చెప్పారు. బొమ్మ ఒకటే, తీసివేత ఒకటే. పోలిక చెప్పే వాక్యమే వాళ్ళను ఆపింది.

మన గణిత ప్రశ్నల్లో ఈ ఇబ్బంది ఎక్కువగా విశేషణ వాక్యాల నుంచి వస్తుంది. "నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున వడ్డీ చెల్లించే షరతుపై తన పొలం పని నిమిత్తం అప్పు తీసుకున్న రైతు ఆరు నెలల అనంతరం చెల్లించవలసిన వడ్డీ" అనే వాక్యంలో అడుగుతున్నది ఏమిటో చివరి మాట దాకా తెలియదు. అప్పటిదాకా పిల్లలు అన్ని వివరాలనూ తలలో మోయాలి. దాన్ని మూడు చిన్న వాక్యాలుగా విరవండి: ఎవరు, ఎంత, ఎన్నాళ్ళు, ఆ తర్వాత ప్రశ్న. "నిమిత్తం", "అనంతరం" లాంటి మాటలను తీసేయండి. "విలోమానుపాతం", "బారువడ్డీ" వంటి పారిభాషిక పదాలను మాత్రం ఉంచండి, అవి నేర్పవలసినవే.

ఇంగ్లిష్ మీడియంలో పరీక్ష రాసే పిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల పిల్లలకు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. యూనిట్ టెస్టులోనూ అదే పద్ధతి పాటించి, ప్రశ్నను రెండు భాషల్లోనూ ఇవ్వండి. వీలు కాకపోతే, తప్పు రాసిన నలుగురైదుగురిని పిలిచి అదే ప్రశ్నను తెలుగులో నోటితో అడగండి. వెంటనే జవాబు వస్తే, లోటు ఎక్కడుందో మీకు తెలిసిపోతుంది.

6. పాళ్ళు, వరుస

25 మార్కుల పేపరుకు నేను సూచించే కూర్పు ఇది: ఐదు ఒక మార్కు ప్రశ్నలు, అందరూ చేయగలిగినవి, మూడు జతలు, ప్రతి ప్రశ్నకూ రెండు మార్కుల చొప్పున 12 మార్కులు, సందర్భం ఉండి మెట్లు ఎక్కువైన ప్రశ్న ఒకటి, నాలుగు మార్కులు, అమూర్తమూ కఠినమూ అయినది ఒకటి, నాలుగు మార్కులు. జతలు మూడుకు తగ్గితే ఫలితాల్లో ఒక ధోరణి కనబడదు. ఐదుకు మించితే పిల్లలు అలసిపోతారు.

వరుసలో సులువైనవి ముందు ఉంచండి. సమయం పరిమితంగా ఉన్న పరీక్షలో మొదటి ప్రశ్నే కొరుకుడు పడకపోతే, దాని మీదే సగం గంట గడిపి తెలిసినవి కూడా వదిలేసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు.

బహుళైచ్ఛిక ప్రశ్నలు పెడితే, తప్పు జవాబులను ఊహించి కాకుండా పిల్లలు నిజంగా చేసే తప్పుల నుంచి తీసుకోండి. మూడో భాగంలోని 30,000 రూపాయల ప్రశ్నకు 150 ను ఒక ఐచ్ఛికంగా ఇస్తే, దాన్ని ఎంచుకున్నవారి ఆలోచన మీకు తెలుస్తుంది. 1,750 అని ఇస్తే ఏమీ తెలియదు.

7. ముందు మీరే రాసి చూడండి

జవాబుల కీలా చివరి జవాబులు మాత్రమే రాసుకోకుండా, ప్రతి మెట్టూ కాగితం మీద రాస్తూ గడియారం చూసుకోండి. మీకు పట్టిన సమయానికి మూడు రెట్లు పిల్లలకు ఇవ్వడం మంచిదని నా అంచనా. ప్రశ్నలను పక్క సెక్షన్ ఉపాధ్యాయులకు చూపించి, ఒక్కోదాన్ని ఏ గదిలో వేస్తారో అడగండి. మీ వర్గీకరణతో వారిది కలవని చోట ప్రశ్నను తిరగరాయండి.

8. దిద్దిన తర్వాత ప్రశ్నల వారీగా లెక్క తీయండి

మొత్తం మార్కులను రిజిస్టరులో ఎక్కించి ఊరుకుంటే ఇంతవరకు పడిన శ్రమ అంతా వృథా. ఒక తెల్లకాగితం మీద పిల్లల పేర్లు నిలువుగా, ప్రశ్నల సంఖ్యలు అడ్డంగా రాసి, గళ్ళలో వచ్చిన మార్కులు వేయండి. బి.ఎడ్., డి.ఎడ్. చదివిన రోజుల్లో అంశ విశ్లేషణ (ఒక్కో ప్రశ్న ఎలా పనిచేసిందో లెక్కకట్టడం) అని నేర్చుకున్నది ఇక్కడ పనికివస్తుంది.

మొదట కఠినతా సూచిక. సరిగ్గా రాసినవారి సంఖ్యను మొత్తం విద్యార్థుల సంఖ్యతో భాగించాలి. 40 మందిలో రమణమ్మ ప్రశ్నను 31 మంది సరిగ్గా చేశారనుకుందాం, సూచిక 0.78. దాని జతను 14 మంది చేశారనుకుందాం, సూచిక 0.35. సూచిక పెద్దదైతే ప్రశ్న సులువని అర్థం, ఈ మాట గుర్తుంచుకోండి. పాక్షిక మార్కులు ఇచ్చే ప్రశ్నలకు, తరగతి సగటు మార్కును ఆ ప్రశ్న గరిష్ఠ మార్కుతో భాగిస్తే సరిపోతుంది. నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నకు సూచిక 0.25 దగ్గర ఉంటే, పిల్లలు గుడ్డిగా గుర్తుపెట్టినా అంతే వచ్చేదని తెలుసుకోండి.

తర్వాత విచక్షణా సూచిక, అంటే బాగా రాసేవారినీ వెనకబడినవారినీ ప్రశ్న ఎంతగా వేరుచేస్తుందో చెప్పేది. మొత్తం మార్కుల ప్రకారం పేపర్లను వరుసగా పేర్చి, పైనుంచి 27 శాతం, కిందినుంచి 27 శాతం తీసుకోవాలి. ఈ 27 శాతాన్ని అమెరికా గణాంకవేత్త ట్రూమన్ కెల్లీ 1939లో గణితపరంగా సమర్థించారు, అప్పటి నుంచి అదే వాడుకలో ఉంది. 40 మందిలో అది ఇంచుమించు 11 మంది. పైవారిలో 10 మంది, కిందివారిలో నలుగురు సరిగ్గా రాస్తే, తేడా 6 ను 11 తో భాగిస్తే 0.55 వస్తుంది. ఇది మంచి ప్రశ్న. సూచిక 0.3 దాటితే ప్రశ్నను ఉంచుకోవచ్చు, 0.2 కంటే తక్కువైతే సరిచూడాలి. పైవారిలో ముగ్గురు, కిందివారిలో నలుగురు సరిగ్గా రాస్తే సూచిక సున్నా కన్నా కిందికి పోతుంది. అలాంటప్పుడు పిల్లలను కాకుండా ప్రశ్ననే అనుమానించండి. తరచుగా అందులో రెండు అర్థాలు వచ్చే వాక్యమో, జవాబుల కీలో తప్పు జవాబో దొరుకుతుంది. అందరూ సరిగ్గా రాసిన ఒక మార్కు ప్రశ్నకు మాత్రం ఈ సూచిక సున్నా దగ్గర ఉండడం సహజం, దాన్ని తీసేయనక్కరలేదు.

ఒక హెచ్చరిక. 40 మంది తరగతిలో ఒక్కరు అటూ ఇటూ అయితే కఠినతా సూచిక 0.025, విచక్షణా సూచిక సుమారు 0.09 మారిపోతాయి. అందుకని 0.55 కూ 0.48 కూ తేడా ఉందని వాదించవద్దు. 0.78 కూ 0.35 కూ మధ్య ఉన్నంత పెద్ద తేడాలనే పట్టించుకోండి. ఇరవై మందే ఉన్న బడిలో రెండు, మూడేళ్ళ పేపర్లను కలిపి చూడడం మేలు.

9. జతలను పక్కపక్కన పెట్టి చదవండి

ఇప్పుడు ప్రతి విద్యార్థి పేరుకు ఎదురుగా జతలోని రెండు ప్రశ్నల ఫలితం చూడండి. రెండూ సరైనవారిని ముందుకు పంపవచ్చు. రెండూ తప్పినవారికి భావనే అందలేదు, వారికి మళ్ళీ చెప్పాలి. మన శ్రద్ధ అంతా మిగిలిన రెండు గుంపుల మీద ఉండాలి.

సందర్భం ఉన్నది చేసి, లేనిది చేయలేనివారు మొదటి గుంపు. వీరిని "చదువు రానివారు" అనడం అన్యాయం. వీరికి రమణమ్మ లెక్కను మళ్ళీ ఇచ్చి, నోటితో చెప్పిన ప్రతి మెట్టునూ రాయించండి: 10,000 లో ఎన్ని వందలున్నాయి, వందకు ఎంత, నెలకు ఎంత, ఆరు నెలలకు ఎంత. ఆ మెట్ల పక్కనే సూత్రం రాసి, వందతో భాగించడమంటే "ఎన్ని వందలు" అని అడగడమేనని వాళ్ళ చేతే చెప్పించండి. మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో సూచించిన వరుస కూడా ఇదే: చేతితో చేసేది, బొమ్మగా చూసేది, గుర్తుగా రాసేది. మధ్యనున్న బొమ్మ మెట్టును మనం తరచుగా దాటవేస్తాము. నెలలను గళ్ళుగా గీసి ఒక్కో గడిలో 200 వేయించడానికి రెండు నిమిషాలు చాలు.

సందర్భం లేనిది చేసి, ఉన్నది చేయలేనివారు రెండో గుంపు. వీరికి మార్కులు బాగానే వస్తాయి గనుక ఎవరి కంటా పడరు. వీరు సూత్రాన్ని ఒక యంత్రంలా వాడుతున్నారు. వీరి చేత ప్రశ్నలు రాయించండి: "అసలు 8,000, నెలకు 1.5%, 4 నెలలు" అని ఇచ్చి, దీనికి తగిన కథ ఒకటి రాయమనండి. ఇంటికి వెళ్ళి పొదుపు సంఘంలో తీసుకున్న అప్పుకు వడ్డీ ఎలా కడతారో అమ్మను అడిగి రమ్మనండి. బడి లెక్కకూ ఇంటి లెక్కకూ సంబంధం ఉందని అక్కడే వాళ్ళకు తట్టుతుంది.

నాలుగు మార్కుల ప్రశ్నలను ఆ తర్వాత చూడండి. జతల్లోని రెండేసి ప్రశ్నలూ చేసి సుబ్బయ్య లెక్కలో తప్పినవారు మెట్లను క్రమంగా రాయడం నేర్చుకోవాలి. వారికి భావన మళ్ళీ చెప్పనక్కరలేదు, 12,350 దగ్గర అసలు మారిందన్న విషయాన్ని ఒక గీతతో విడదీసి రాయమంటే చాలామంది సరిచేసుకుంటారు. 2n ప్రశ్న ఒక్కటే తప్పినవారి గురించి ఈ దశలో ఆందోళన వద్దు. ఆ ప్రశ్న ఎవరు ముందుకు వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నారో చెప్పడానికి పెట్టింది.

10. ప్రశ్నల పుస్తకం ఒకటి పెట్టుకోండి

రెండు వారాల తర్వాత, అవే జతలను అంకెలు మార్చి పది నిమిషాల చిన్న పరీక్షగా ఇవ్వండి, మార్కులు రిజిస్టరులో వేయకండి. గుర్తుచేసుకుని రాయడం వల్లే చదివినది నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగాలు చూపాయి. మళ్ళీ చదివినవారికంటే, చదివినదాన్ని గుర్తుచేసుకుని రాసినవారు వారం తర్వాత ఎక్కువ గుర్తుంచుకున్నారు. మొదటి గుంపులోని పిల్లల సంఖ్య ఈసారి ఎంత తగ్గిందో రాసిపెట్టుకోండి.

పరీక్షకు వాడిన ప్రతి ప్రశ్ననూ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో పేజీకి ఒకటి చొప్పున ఎక్కించండి. దాని కింద గది పేరు, జత సంఖ్య, ఏ సంవత్సరం, ఎందరు రాశారు, రెండు సూచికలు, తరచుగా వచ్చిన తప్పు జవాబులు, అవి ఎలా వచ్చి ఉంటాయో మీ ఊహ, ఇవన్నీ రాయండి. వచ్చే ఏడాది పేపరు రాసేటప్పుడు సూచిక బాగున్న ప్రశ్నలను అంకెలు మార్చి వాడుకోవచ్చు. విచక్షణ తక్కువైనవాటిని తిరగరాయవచ్చు. సీనియర్ ఉపాధ్యాయులు బదిలీ మీద వెళ్ళేటప్పుడు ఈ పుస్తకాన్ని స్టాఫ్‌రూమ్ బీరువాలో వదిలి వెళితే, కొత్తగా వచ్చేవారు ఆ తరగతి పిల్లలకు ఏ మాటలు తెలుసో, ఏ లెక్క ఏ రూపంలో ఇస్తే ఎక్కడ ఆగుతారో మొదటి రోజే తెలుసుకోగలుగుతారు.